పాత సివిక్‌లో ఎస్‌2000 మీటర్: అడాప్టర్ బిగించడం, కాలిబ్రేట్ చేయడం

1990ల నాటి హోండా సివిక్‌లో ముల్లుల మీటర్ తీసేసి ఎస్‌2000 డిజిటల్ క్లస్టర్ పెట్టడం అమెరికాలోని హోండా అభిమానులకు ఎప్పటి నుంచో ఇష్టమైన పని. 1999 నుంచి 2009 దాకా తయారైన ఆ స్పోర్ట్స్ కారు క్లస్టర్‌లో స్పీడు అంకెల్లో కనిపిస్తుంది. ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాని పైన వంపు తిరిగిన ఎల్‌సీడీ పట్టీ మీద పరుగెడుతుంది. పవర్, గ్రౌండ్ వైర్లు కలిపితే చాలు, అది చక్కగా వెలుగుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. వెలిగిన మీటర్ నిజం చెబుతోందని నమ్మేస్తాం గానీ, అది ఇంకో కారు సెన్సర్ల లెక్కతో తయారైన పరికరం. స్పీడు, ఆర్‌పీఎం, పెట్రోలు, వేడి అనే నాలుగింటినీ దానికి అర్థమయ్యే రూపంలో అందించాలి. అడాప్టర్ చేసేది ఆ పనే. అయితే ఏ సంఖ్యకు సెట్ చేయాలో అడాప్టర్‌కు తెలియదు, దాన్ని మనమే కొలిచి చెప్పాలి.

స్పీడు ఎందుకు కలవదు

సివిక్ మాన్యువల్ గేర్‌బాక్స్‌లో స్పీడ్ సెన్సర్‌ను తిప్పే పళ్ళచక్రం డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) నుంచి నడుస్తుంది. అంటే ఆ సెన్సర్ చూసేది చక్రాల వేగాన్నే. జపాన్ ప్రమాణం ప్రకారం 60 కిలోమీటర్ల వేగంలో స్పీడోమీటర్ కేబుల్ నిమిషానికి 637 చుట్లు తిరగాలి. ఆ వేగంలో నిమిషానికి ఒక కిలోమీటరు వెళ్తాం కాబట్టి కిలోమీటరుకు 637 చుట్లు. చుట్టుకు 4 పల్సులు ఇచ్చే సెన్సర్ నుంచి కిలోమీటరుకు 637 × 4 = 2,548 పల్సులు వస్తాయి. 60 వేగంలో అది సుమారు 42.5 హెర్ట్జ్.

ఎస్‌2000 వెనక చక్రాలతో నడిచే కారు. దాని సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గరే ఉంటుంది, 4.10 నిష్పత్తి ఉన్న డిఫరెన్షియల్ ఆ తర్వాత వస్తుంది. అందుకే చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి సెన్సర్ చూసే షాఫ్టు నాలుగు చుట్లకు పైగానే తిరుగుతుంది. ఆ క్లస్టర్‌ను తయారుచేసింది ఆ లెక్కకే. ఎస్‌2000లో డిఫరెన్షియల్ గేర్లు మార్చినవాళ్ళకు స్పీడు తప్పు చూపడం, సివిక్‌లో ఫైనల్ డ్రైవ్ (డిఫరెన్షియల్‌ను తిప్పే చివరి గేర్ల జత) మార్చినా స్పీడు చెక్కుచెదరకపోవడం, రెండింటికీ కారణం ఇదే. సివిక్‌లో స్పీడు లెక్కను మార్చేది టైరు ఒక్కటే.

ముందు బల్ల మీద

క్లస్టర్‌ను కారులో పెట్టక ముందే బల్ల మీద పరీక్షించాలి. ఈ దశ దాటేసినవాళ్ళే తర్వాత డాష్‌బోర్డును పదేపదే విప్పుతారు. 12 వోల్టుల పవర్ సప్లై, మల్టీమీటర్, చదరపు తరంగం ఇచ్చే చవక సిగ్నల్ జనరేటర్, 500 ఓముల పొటెన్షియోమీటర్, ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ ఉంటే సరిపోతుంది. క్లస్టర్‌కు 12 వోల్టులు రెండు చోట్ల ఇవ్వాలి: తాళంతో పనిలేకుండా ఎప్పుడూ ఉండే మెమరీ సరఫరా ఒకటి, ఇగ్నిషన్ సరఫరా ఇంకొకటి. పిన్నుల పటం మీ క్లస్టర్ ఏ ఏడాదిదో ఆ ఏడాది సర్వీస్ మాన్యువల్‌లోనే చూడండి. తొలి తరం పటాన్ని 2004 తర్వాతి క్లస్టర్‌కు వాడవద్దు.

జనరేటర్ సిగ్నల్‌ను ట్రాన్సిస్టర్ బేస్‌కు 10 కిలో ఓముల రెసిస్టర్ ద్వారా ఇచ్చి, ఎమిటర్‌ను గ్రౌండ్‌కు, కలెక్టర్‌ను క్లస్టర్ స్పీడ్ పిన్నుకు కలపండి. కలెక్టర్‌కు పై నుంచి వోల్టేజీ రాకపోతే 4.7 కిలో ఓముల రెసిస్టర్‌తో 5 వోల్టులకు కట్టండి. ఇప్పుడు ఫ్రీక్వెన్సీ మారుస్తూ, తెర మీద ఏ స్పీడు వస్తుందో కనీసం మూడు చోట్ల రాసుకోండి. లెక్క ఇది:

కిలోమీటరుకు పల్సులు = ఫ్రీక్వెన్సీ × 3600 ÷ తెర మీది స్పీడు

ఉదాహరణకు 100 హెర్ట్జ్‌కు 72 కిలోమీటర్లు చూపిందనుకుందాం: 360000 ÷ 72 = 5,000. మీ సివిక్ ఇచ్చేది 2,548 అయితే అడాప్టర్‌లో పెట్టాల్సిన తొలి నిష్పత్తి 5000 ÷ 2548 = 1.962. ఇక్కడి 5,000 లెక్క చూపడానికి తీసుకున్న అంకె మాత్రమే. మీ క్లస్టర్ అంకె మీరే కొలవాలి. తెర మైళ్ళలో చూపేదైతే ముందు 1.609తో గుణించి కిలోమీటర్లు చేయండి. సగం మంది లెక్క తప్పేది ఇక్కడే.

అలాగే ఆర్‌పీఎం పిన్నుకు 100 హెర్ట్జ్ ఇచ్చి చూడండి. నాలుగు సిలిండర్ల నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ ఒక చుట్టుకు రెండు స్పార్కులు పడతాయి. కాబట్టి 3,000 ఆర్‌పీఎం అంటే 100 హెర్ట్జ్. తెర 3,000 చూపితే టాకోమీటర్‌కు మార్పిడి అక్కర్లేదు, సివిక్ సిగ్నల్‌ను శుభ్రం చేసి ఇస్తే చాలు.

కారులో సెన్సర్‌ను నమ్మే ముందు

కారుకు హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందు రెండు చక్రాలూ గాలిలో ఉండేలా స్టాండ్ల మీద నిలపండి. వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి, ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. కుడి చక్రాన్ని కదలకుండా ఆపి, ఎడమ చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ సెన్సర్ సిగ్నల్ వైరు మీద వోల్టేజీ చూడండి. సున్నాకూ సుమారు 5 వోల్టులకూ మధ్య ఊగాలి. ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు డిఫరెన్షియల్ తిరిగేది సగం వేగంతోనే. కాబట్టి ఎడమ చక్రం 20 చుట్లు తిరిగితే డిఫరెన్షియల్ 10 చుట్లు తిరిగినట్టు. టైరు చుట్టుకొలత 1.81 మీటర్లయితే ఆ 10 చుట్లకు దాదాపు 46 పల్సులు రావాలి. 23 వచ్చాయంటే అది చుట్టుకు రెండు పల్సులిచ్చే సెన్సర్ అయి ఉంటుంది. 92 వస్తే ఎనిమిది పల్సులది. గేర్‌బాక్స్ మార్చిన కార్లలో ఈ లెక్క తప్పక చూడాలి.

వైరింగ్: ఏ వైరును తెంచాలి, దేన్ని ముట్టుకోకూడదు

బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగండి. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు వేసిన వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని మల్టీమీటర్‌తో కూడా తాకవద్దు.

సివిక్ అసలు హార్నెస్‌ను (వైర్ల కట్టను) కోయకండి. పనికిరాని పాత క్లస్టర్ నుంచి కనెక్టర్లు తీసుకుని, ఒక చివర సివిక్ ప్లగ్గు, రెండో చివర ఎస్‌2000 ప్లగ్గు, మధ్యలో అడాప్టర్ వచ్చేలా విడి హార్నెస్ అల్లండి. రేపు పాత మీటర్ తిరిగి పెట్టాలంటే రెండు ప్లగ్గులు మారిస్తే సరిపోతుంది. సిగ్నల్ వైర్లకు 0.5 చదరపు మిల్లీమీటర్లు, పవర్, గ్రౌండ్‌లకు 0.75 నుంచి 1 చదరపు మిల్లీమీటరు వైరు వాడండి. వైరు తొడుగును గుచ్చి పట్టుకునే క్లిప్పు కనెక్టర్లు ఈ పనికి పనికిరావు. కొన్ని నెలల ప్రకంపనలకు పట్టు సడలి, మీటర్ వస్తూ పోతూ ఉంటుంది. మంచి క్రింప్ వేసి, హీట్ ష్రింక్ తొడగండి.

అడాప్టర్‌కు ఇగ్నిషన్ సరఫరాను 1 ఆంపియర్ ఫ్యూజు ద్వారా ఇవ్వండి. యాక్సెసరీ లైను నుంచి తీసుకోకూడదు, స్టార్టర్ తిరిగేటప్పుడు ఆ లైను ఆగిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారైతే కాపాడే రివర్స్ పోలారిటీ రక్షణ అడాప్టర్‌లో లేకపోతే ఒక 1ఎన్4007 డయోడ్ వరుసలో పెట్టండి. అడాప్టర్ గ్రౌండ్, క్లస్టర్ గ్రౌండ్ ఒకే బోల్టు కిందికి రావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, హెడ్‌లైట్లు వేయగానే పెట్రోలు గీత తగ్గడం, బ్లోయర్ తిప్పితే వేడి గీత పెరగడం లాంటి వింతలన్నీ గ్రౌండ్ తేడాల వల్లే పుడతాయి. లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ ఆన్ చేసి, క్లస్టర్ గ్రౌండ్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. 0.1 వోల్టు దాటితే ముందు దాన్ని బాగుచేయండి, కాలిబ్రేషన్ సంగతి తర్వాత.

స్పీడ్ సెన్సర్ వైరును తెంచవద్దు, దాని నుంచి ఒక కొమ్మ మాత్రమే తీయండి. అదే సిగ్నల్ ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూకు కూడా వెళ్తుంది. అడాప్టర్‌ను ఈసీయూకు ముందు వరుసలో పెడితే ఈసీయూకు 60 బదులు 118 కనిపిస్తుంది. సిగ్నలే పోతే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది: కారు తన లోపాలను కోడ్‌లుగా చెప్పే ఓబీడీ పద్ధతిలో పాతదైన ఓబీడీ1 కార్లలో కోడ్ 17, ఓబీడీ2లో పీ0500.

పెట్రోలు వైరుది దీనికి సరిగ్గా వ్యతిరేకం, మీరు అల్లిన విడి హార్నెస్‌లో దాన్ని తెంచక తప్పదు. ట్యాంకులో పెట్రోలు మట్టం చెప్పే సెండర్ ఒక మారే రెసిస్టర్. దానికి వోల్టేజీ ఇచ్చి కొలిచేది క్లస్టరే. అడాప్టరూ క్లస్టరూ ఒకే సెండర్‌కు చెరో వోల్టేజీ ఇస్తే రెండూ తప్పు చదువుతాయి. సెండర్ అడాప్టర్ ఇన్‌పుట్‌కు, అడాప్టర్ ఔట్‌పుట్ క్లస్టర్‌కు వెళ్ళాలి.

టాకో సిగ్నల్‌ను సివిక్ పాత మీటర్‌కు వచ్చే వైరు నుంచే తీసుకోండి. ఇగ్నిషన్ కాయిల్ నెగటివ్ టెర్మినల్ నుంచి నేరుగా తీయవద్దు. స్పార్కు పడే క్షణంలో అక్కడ కొన్ని వందల వోల్టులు లేస్తాయి, క్లస్టర్ లోపలి చిప్పు వాటికి తట్టుకోలేదు. స్పీడు, టాకో వైర్లను ప్లగ్ వైర్లకు దూరంగా నడపండి. షీల్డు వైరు వాడితే షీల్డును ఒక్క చివరే గ్రౌండ్ చేయండి.

స్పీడు కాలిబ్రేషన్: దూరాన్ని నమ్మండి, అంకెను కాదు

అడాప్టర్ మార్చేది పల్సుల సంఖ్య ఒక్కటే. ఆ మార్పు స్పీడోమీటర్ మీదా ఓడోమీటర్ మీదా ఒకేలా పడుతుంది. కార్ల కంపెనీలు స్పీడును కావాలనే కాస్త ఎక్కువ చూపిస్తాయి. ఐక్యరాజ్యసమితి వారి 39వ నిబంధన ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు గానీ, అది అసలు వేగంలో పదో వంతుకు 4 కిలోమీటర్లు కలిపినంత దాటకూడదు. అంటే నిజంగా 100లో వెళ్తుంటే 114 దాకా చూపినా తప్పు కాదు. ఓడోమీటర్‌కు ఈ పెంపు ఉండదు.

చాలామంది ఫోన్‌లో జీపీఎస్ స్పీడు చూస్తూ, మీటర్ స్పీడు దానితో కలిసేదాకా నిష్పత్తి తగ్గిస్తారు. స్పీడు కలుస్తుంది. ఆ పనితో ఓడోమీటర్ ప్రతి కిలోమీటరులోనూ కొంత మింగేస్తుంది, సర్వీసు లెక్కలూ మైలేజీ లెక్కలూ తప్పుతాయి. సరైన పద్ధతి దూరాన్ని కలపడమే. స్పీడు రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ చూపితే చూపనివ్వండి, అది ఫ్యాక్టరీ ఇచ్చిన భద్రత.

పద్ధతి ఇది. టైర్లలో గాలి సరిచేసి, పది కిలోమీటర్లు నడిపి టైర్లు వేడెక్కాక, ఎత్తైన భవనాలూ సొరంగాలూ లేని హైవే మీద ట్రిప్ మీటర్‌ను సున్నా చేసి 20 కిలోమీటర్లు వెళ్ళండి. జీపీఎస్ దూరంతోనో, మైలురాళ్ళతోనో పోల్చండి. ట్రిప్ మీటర్ పదో వంతు వరకే చూపుతుంది. 5 కిలోమీటర్ల పరీక్షలో ఆ 0.1 తేడా 2 శాతం పొరపాటు, 20 కిలోమీటర్లలో అర శాతమే.

కొత్త నిష్పత్తి = పాత నిష్పత్తి × అసలు దూరం ÷ ట్రిప్ మీటర్ దూరం

20 కిలోమీటర్లకు ట్రిప్ 19.4 చూపితే 1.962 × 20 ÷ 19.4 = 2.023. సెట్ చేసి మళ్ళీ అదే దారిలో వెళ్ళండి. రెండోసారికి అర శాతం లోపలికి వస్తే ఆపేయండి, అంతకన్నా వెంటపడితే టైరు అరుగుదలతో పోటీపడుతున్నట్టే.

టైర్లు మారిస్తే లెక్క మళ్ళీ చూడాలి. 185/60 ఆర్14 టైరు వ్యాసం 355.6 + 2 × 111 = 577.6 మిల్లీమీటర్లు. 195/50 ఆర్15 అయితే 381 + 195 = 576. తేడా 0.3 శాతం లోపే, నిష్పత్తి జోలికి పోనక్కర్లేదు. 205/50 ఆర్15కి మాత్రం 586, అంటే 1.5 శాతం దాకా తేడా వస్తుంది. పెద్ద టైరు పెడితే కిలోమీటరుకు పల్సులు తగ్గుతాయి, నిష్పత్తిని అంతే పెంచాలి.

పల్సులను గుణించే అడాప్టర్లలో రెండు లోపాలు తరచూ బయటపడతాయి. మొదటిది, కారు ఆగినా స్పీడు చివరి అంకె మీదే నిలిచిపోవడం. అడాప్టర్ రెండు పల్సుల మధ్య సమయం కొలిచి తర్వాతి పల్సులు పుట్టిస్తుంది. పల్సు రావడం ఆగినప్పుడు ఎంతసేపట్లో సున్నా అనుకోవాలో దానికి చెప్పాలి. ఆ గడువు ఒక సెకను దగ్గర పెట్టండి. రెండోది, నిలకడగా నడుపుతున్నా అంకె 58, 61, 59 అంటూ తడబడటం. సెన్సర్ లోపలి నాలుగు అయస్కాంత ధ్రువాలు సరిగ్గా సమాన దూరంలో ఉండవు. ప్రతి పల్సునూ విడిగా కొలిస్తే ఆ హెచ్చుతగ్గు తెర మీదికి వస్తుంది. సగటును నాలుగు పల్సులకో, దాని గుణిజాలకో సెట్ చేస్తే ఒక పూర్తి చుట్టు లెక్కలోకి వచ్చి తడబాటు పోతుంది. మూడుకో ఐదుకో పెడితే పోదు.

పెట్రోలు: ఓపిక పట్టాల్సిన పని

ఆ తరం సివిక్ సెండర్ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు 2 నుంచి 5 ఓములు, ఖాళీ అయినప్పుడు 105 నుంచి 110 ఓములు చూపుతుంది. సగానికి 55 ఉంటుందనుకుంటే పొరపాటు, సగం ట్యాంకుకు ఉండేది 25 నుంచి 40 మధ్యే. నడక సరళరేఖలో లేదు. క్లస్టర్ ఎదురుచూసే ఓములు వేరు, దాని వంపు కూడా వేరు.

అడాప్టర్ ఖర్చు ఎందుకని ఒక రెసిస్టర్ వరుసలో పెట్టేవాళ్ళున్నారు. క్లస్టర్‌కు నిండుకు 12, ఖాళీకి 130 ఓములు కావాలనుకుందాం. 5 నుంచి 108 ఇచ్చే సెండర్‌కు 7 ఓములు కలిపితే 12 నుంచి 115 అవుతుంది. నిండు సరిపోయింది. ఖాళీ మాత్రం 130కి ఎప్పటికీ చేరదు. గీతలు ఇంకా మిగిలి ఉండగానే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. నిండు దగ్గర తప్పు చూపితే నష్టం లేదు, ఖాళీ దగ్గర తప్పు చూపకూడదు.

ముందు బల్ల మీద, ఫ్యూయల్ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య పొటెన్షియోమీటర్ పెట్టి 200 ఓముల నుంచి కిందికి వస్తూ, ఏ ఓము దగ్గర ఏ గీత వెలుగుతుందో రాసుకోండి. క్లస్టర్ పెట్రోలు సంకేతాన్ని కావాలనే నెమ్మదిగా చదువుతుంది, మలుపుల్లో పెట్రోలు ఊగినా గీతలు ఊగకూడదని. కాబట్టి ప్రతి విలువ దగ్గరా రెండు నిమిషాలు ఆగాలి. తొందరపడితే పట్టిక మొత్తం పనికిరాదు.

తర్వాత ట్యాంకు. సివిక్ ట్యాంకు 45 లీటర్లది. పాత మీటర్‌లో పెట్రోలు లైటు వెలిగేదాకా నడిపి, సమతలంగా ఉన్న చోట ఆపి, సెండర్ కనెక్టర్ విప్పి ఓములు కొలవండి. ఐదేసి లీటర్లు పోస్తూ ప్రతిసారీ కొలవండి. బంకులో పంపు పక్కన కనెక్టర్లు విప్పే పని పెట్టుకోవద్దు, కారును పక్కకు తీసి కొలవాలి. నిండేసరికి ఏడెనిమిది బిందువులు వస్తాయి. అడాప్టర్ పట్టికలో ఎడమ వైపు సెండర్ ఓములు, కుడి వైపు ఆ మట్టానికి క్లస్టర్‌కు కావాల్సిన ఓములు నింపండి. లైటు వెలిగిన మట్టాన్నే క్లస్టర్ ఖాళీగా పెట్టండి. మిగిలిన కొద్ది లీటర్లు బంకు చేరడానికి ఉంటాయి.

వేడి, హెచ్చరిక దీపాలు

వేడి సెండర్ కూడా రెసిస్టరే, వేడెక్కే కొద్దీ ఓములు తగ్గుతాయి. సివిక్ సెండర్ 56 డిగ్రీల దగ్గర సుమారు 140 ఓములు, 85 నుంచి 100 డిగ్రీల మధ్య సుమారు 45 నుంచి 30 ఓములు చూపుతుంది. విడి సెండర్ దొరికితే థర్మామీటర్‌తో పాటు నీళ్ళ గిన్నెలో వేలాడదీసి మరిగించి కొలవండి. గిన్నె అడుగుకు ఏదీ తగలకూడదు. 75 నుంచి 95 డిగ్రీల దాకా గీతలు మధ్యలోనే నిలిచేలా, 105 దాటగానే పైకి ఎగబాకేలా పట్టిక రాయండి. ఓబీడీ2 ఉన్న కారైతే స్కానర్‌లో కనిపించే కూలెంట్ వేడితో పోల్చడం ఇంకా తేలిక.

హెచ్చరిక దీపాలకు అడాప్టర్‌తో పని తక్కువ. ప్రతి దీపం గ్రౌండ్ ఇస్తే వెలిగేదా, 12 వోల్టులు ఇస్తే వెలిగేదా అన్నది చూసుకుని కలపాలి. ఛార్జింగ్ దీపం ఒక్కటి జాగ్రత్త. కొన్ని ఆల్టర్నేటర్లకు తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు పోయి ఎల్‌ఈడీ వస్తే ఆ కరెంటు చాలక, ఇంజన్ రైజ్ చేసేదాకా ఛార్జింగ్ మొదలవదు. అలా జరిగితే ఇగ్నిషన్ సరఫరాకూ ఆ దీపం వైరుకూ మధ్య 68 ఓములు, 5 వాట్ల రెసిస్టర్ పెట్టండి. ఆయిల్ ప్రెషర్ దీపం తాళం తిప్పగానే వెలిగి, ఇంజన్ స్టార్ట్ కాగానే ఆరాలి. రెండూ చూడకుండా కారు రోడ్డెక్కించవద్దు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ దీపాలను ఆర్పడానికి వేరే దీపం వైరుతో కలిపి మోసం చేయడం కొన్ని చోట్ల కనిపిస్తుంది. అది ప్రాణాలతో చెలగాటం. ఆ దీపాలు సరిగా పనిచేయకపోతే ఆ క్లస్టర్ ఆ కారుకు బిగించకూడదు.

అంతా బిగించాక తాళం తీసి, అరగంట ఆగి, బ్యాటరీ నెగటివ్ దగ్గర కరెంటు కొలవండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే అడాప్టర్‌కు వెళ్ళిన సరఫరా ఇగ్నిషన్‌ది కాదు, మెమరీ లైనుది అయి ఉంటుంది.

ఓడోమీటర్

ఎస్‌2000 క్లస్టర్ తన పాత కారు తిరిగిన దూరాన్ని లోపలి మెమరీలో మోసుకుని వస్తుంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మీటర్ మార్చినప్పుడు పాత అంకెనే కొత్తదాని మీద కొనసాగించాలి. అది వీలుకాకపోతే సున్నా చేసి, మార్చే ముందున్న దూరం, మార్చిన తేదీ రాసిన చీటీని ఎడమ తలుపు ఫ్రేముకు అతికించాలి. ఆ చీటీని మోసం ఉద్దేశంతో తీసేయడం నేరం. అందుకే పాత మీటర్ తీసే ముందు దాని ఓడోమీటర్‌ను తేదీ పడేలా ఫోటో తీసుకోండి. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్ళకు ఆ ఫోటోతో పాటు విప్పిన పాత క్లస్టర్‌నూ, అడాప్టర్‌లో పెట్టిన నిష్పత్తీ ఓముల పట్టికా ఉన్న కాగితాన్నీ ఇచ్చేయాలి. అడాప్టర్ ఎప్పుడైనా చెడితే కొత్తది సెట్ చేయడానికి ఆ కాగితమే ఆధారం.